వాకర్ కొనకండి, చాప పరవండి

సంపాదకులు గారికి, నమస్కారం.

బిడ్డకు ఆరో నెల రాగానే అన్నప్రాశన కానుకగానో, మేనమామ ముచ్చటగానో చక్రాల వాకర్ ఇంటికి రావడం మన ఊళ్లలో మామూలైపోయింది. త్వరగా నడుస్తుందన్న నమ్మకంతోనే కొంటున్నారు, ప్రేమతోనే కొంటున్నారు. చిన్నపిల్లల ఫిజియోథెరపీ చేసేవాళ్లుగా మేం చెప్పదలచుకున్నది ఒకటే. వాకర్ నడక నేర్పదు, ఆలస్యం చేస్తుంది, ప్రమాదాలు తెస్తుంది. ఆ డబ్బుతో ఒక చాప, ఒక జంపఖానా కొని నేల మీద పరచండి. బిడ్డ మెడ నిలపడం దగ్గర్నుంచి అడుగులు వేయడం దాకా కావాల్సిన సాధన అంతా అక్కడే జరుగుతుంది. ఏ దశలో పెద్దవాళ్లు ఏం చేయాలో, ఎక్కడ పొరపాటు జరుగుతోందో కాస్త వివరంగా రాస్తున్నాం.

ముందు వాకర్ సంగతి. అందులో బిడ్డ నిలబడుతున్నట్టు కనిపిస్తుంది గానీ నిజానికి నిలబడదు. గుడ్డ సీటులో వేలాడుతుంటుంది. బరువు సీటు మీద పడుతుంది, కాళ్ల మీద పడదు. కాలివేళ్లు మాత్రమే నేలకు ఆనుతాయి కాబట్టి మునివేళ్లతో తన్ని జరగడం అలవాటవుతుంది. నడకకు కావాల్సిన పిరుదుల కండరాలకు, తుంటి పక్క కండరాలకు, పొట్టకు, వెన్నుకు పనే ఉండదు. ముందున్న ట్రే అడ్డం కావడంతో బిడ్డకు తన పాదాలు కనిపించవు. అడుగు ఎక్కడ పడిందో చూసుకుంటేనే గదా తర్వాతి అడుగు సరిదిద్దుకునేది! అన్నిటికీ మించి, ఒక పక్కకు తూలడం, తూలి సర్దుకోవడం వాకర్‌లో జరగనే జరగదు. నడక నేర్చుకోవడంలో ఎక్కువ భాగం అదే.

2002లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఐర్లండ్ పరిశోధకుల అధ్యయనం ఒకటి వచ్చింది. వాకర్‌లో గడిపిన సమయం మొత్తం కలిపి ప్రతి 24 గంటలకూ సొంతంగా నిలబడటం 3.7 రోజులు, సొంతంగా నడవడం 3.3 రోజులు ఆలస్యమైనట్టు అందులో తేలింది. రోజుకు రెండు గంటల చొప్పున రెండు నెలలు కూర్చోబెడితే, ఆ లెక్కన నడక రెండు వారాలకు పైగా వెనకబడుతుంది. ఈపాటి ఆలస్యం చాలామంది పిల్లల్లో తర్వాత సర్దుకుంటుంది. అందుకే మా అసలు భయం ప్రమాదాల గురించి. వాకర్‌లో ఉన్న బిడ్డ ఒక్క సెకనులో మీటరు దూరం దాకా దూసుకెళ్లగలదు. పక్కనే ఉన్న మనిషి లేచేలోపే చక్రం గడపకు తగిలి తిరగబడుతుంది, లేదా వాకర్ మెట్ల మీద నుంచి దొర్లుతుంది. పైగా అందులో ఉన్నప్పుడు చెయ్యి మరింత ఎత్తుకు అందుతుంది. గట్టు అంచున పెట్టిన టీ కప్పు, టేబుల్ మీద నుంచి వేలాడే గుడ్డ, ఇస్త్రీపెట్టె వైరు, దించి పెట్టిన సాంబారు గిన్నె, ఇలా నేల మీద పాకే బిడ్డకు అందనివి దీనికి అందుతాయి. కెనడా 2004 ఏప్రిల్‌లో వాకర్ల అమ్మకాన్ని, దిగుమతిని, ప్రకటనలను నిషేధించింది. వాడేసిన పాతవి అమ్మడం కూడా అక్కడ కుదరదు. అమెరికాలో పిల్లల వైద్యుల అకాడమీ ఏళ్ల తరబడి నిషేధం కోరుతోంది. మన దగ్గర మాత్రం ఏ బొమ్మల దుకాణానికి వెళ్లినా రంగురంగులవి వరసగా వేలాడుతూ కనిపిస్తాయి.

ఇక నేల సంగతికొద్దాం. బిడ్డకు తన శరీరం మీద పట్టు తల నుంచి కిందికి దిగుతుంది. ముందు మెడ, తర్వాత భుజాలు, నడుము, తుంటి, చివరికి పాదాలు. పైది కుదరకుండా కిందిది కుదరదు. మెడ, భుజాలు గట్టిపడేది బోర్లా ఉన్నప్పుడే. నిద్రపుచ్చేటప్పుడు మాత్రం ఏడాది నిండేదాకా వెల్లకిలానే పడుకోబెట్టాలి. అమెరికాలో 1994లో ఈ ప్రచారం మొదలయ్యాక నిద్రలో ఆకస్మిక మరణాలు బాగా తగ్గాయి. అయితే ఆ భయం కొద్దీ మెలకువగా ఉన్నప్పుడు కూడా బోర్లా వేయడం మానేసిన ఇళ్లు చాలా ఉన్నాయి. ఇంకా కదలలేని పసిపిల్లలను మెలకువగా ఉన్నప్పుడు, రోజు మొత్తం మీద కనీసం 30 నిమిషాలు బోర్లా ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఇదంతా ఒకేసారి కాదు, ముక్కలు ముక్కలుగా. అదీ ఒక మనిషి చూస్తుండగానే. బోర్లా ఉండగా బిడ్డ నిద్రలోకి జారితే వెంటనే వెల్లకిలా తిప్పేయాలి.

నెలలు నిండి పుట్టిన ఆరోగ్యమైన బిడ్డకు ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన రోజు నుంచే మొదలుపెట్టొచ్చు. మొదట్లో నేలతో పని లేదు. తల్లి గానీ తండ్రి గానీ దిండ్లకు జారగిలబడి బిడ్డను రొమ్ము మీద బోర్లా వేసుకుంటే చాలు. ఒకటి రెండు నిమిషాలు, రోజుకు నాలుగైదు సార్లు. ఏటవాలుగా ఉండటం వల్ల తల ఎత్తడం తేలిక, ఎదురుగా అమ్మ ముఖం ఉంటుంది కాబట్టి ఎత్తాలనీ అనిపిస్తుంది. మన అమ్మమ్మలు కాళ్లు చాపుకుని పిక్కల మీద బిడ్డను బోర్లా వేసి వీపు రుద్దుతారే, అది కూడా ఈ లెక్కలోకే వస్తుంది. నూనె రాయడం మంచిదే. కాళ్లు, చేతులు గట్టిగా లాగడం, తలకిందులుగా పట్టుకుని ఊపడం మాత్రం మానాలి. తుంటి కీలు, మెడ ఆ దెబ్బకు తట్టుకోలేవు.

రెండో నెల నుంచి నేల మీద. చాప మీద బొంత ఒక్క మడత చాలు. స్పాంజి పరుపు పనికిరాదు. మెత్తటి పరుపులో మోచేయి దిగిపోతుంది, ఆనుకోవడానికి పట్టు దొరకదు, ముఖం కూరుకుపోయే ప్రమాదం కూడా ఉంటుంది. పాలు తాగాక అరగంట ఆగాలి, లేకపోతే కక్కుతుంది. స్నానానికి ముందు, గుడ్డ మార్చినప్పుడల్లా ఒకసారి అని పెట్టుకుంటే మరిచిపోరు. 'మా బిడ్డ బోర్లా వేస్తే ఏడుస్తుందండీ' అని అందరూ అనేమాట. ఏడుపుకు కారణం చాలాసార్లు మోచేతుల దగ్గర ఉంటుంది. మోచేతులు భుజాల కంటే వెనక్కి పోతే తల ఎత్తడానికి ఆధారం ఉండదు, ముఖం నేలకేసి కొట్టుకుంటుంది. మోచేతులను భుజాల కిందికి గానీ కాస్త ముందుకు గానీ తీసి పెట్టండి. ఒక తువ్వాలును ఏడెనిమిది సెంటీమీటర్ల మందాన గట్టిగా చుట్టి చంకల కింద, ఛాతీకి అడ్డంగా పెట్టండి. చేతులు చుట్టకు ముందు వైపు రావాలి. అప్పటికీ తల లేవకపోతే అరచేతిని పిరుదుల మీద ఆనించి మెల్లగా కిందికి, కాళ్ల వైపుకు ఒత్తండి. బరువు వెనక్కి జరిగి తల తేలికవుతుంది. బొమ్మను పైన ఊపకండి. మీరే ఎదురుగా పడుకుని, ముఖం ఒక జానెడు దూరంలో ఉండేట్టు చూసుకుని పిలవండి. మొదట రెండు నిమిషాలే ఉండనివ్వండి. కెవ్వుమనే దాకా ఆగకుండా, విసుగు మొదలవగానే తిప్పేయండి. నాలుగో నెలకు ఛాతీ కూడా లేపుతుంటే చుట్ట తీసేయొచ్చు.

తల చదునవుతుందన్న దిగులుతో ఆవాల దిండు పెట్టే అలవాటు మన రెండు రాష్ట్రాల్లోనూ ఉంది. ఏడాదిలోపు బిడ్డ తల కింద ఏ దిండూ వద్దు, ఊపిరికి అడ్డం పడొచ్చు. తల చదునయ్యేది ఎప్పుడూ ఒకే చోట ఆనడం వల్ల. బోర్లా ఉండే సమయం పెంచండి. పడుకోబెట్టేటప్పుడు తలను ఒకరోజు పక్కకు ఈ చివర, మర్నాడు ఆ చివర ఉండేట్టు మార్చండి. బిడ్డ వెలుతురు వైపో, తల్లి వైపో చూస్తుంది కాబట్టి మెడ రెండు వైపులా తిరుగుతుంది. ఎంత చేసినా ఒకే వైపు చూస్తుంటే మెడ కండరం పట్టేసిందేమో చూపించాలి. మొదటి మూడు నెలల్లో పట్టుకుంటే ఇది వ్యాయామంతోనే చాలావరకు తగ్గుతుంది.

చీర ఉయ్యాల గురించీ ఒక మాట. అందులో బిడ్డ విల్లులా వంగి ఉంటుంది, తన్నడానికి ఏదీ ఎదురు ఉండదు. ఎదురు లేకుండా కాలికి బలం రాదు. నిద్ర అయ్యాక కూడా గంటల తరబడి అందులోనే ఊపుతూ ఉంచకండి. బట్టలో కాళ్లు చాపి బిగించి చుట్టడం తుంటి కీలుకు చేటు. చుట్టినా కాళ్లు కప్పలా ముడుచుకుని, విడిగా కదిలేంత వదులు ఉండాలి. చంకనెత్తుకోవడం చాలా మంచి అలవాటు, కాళ్లు రెండు వైపులా విడివడి తుంటి సరిగ్గా కూర్చుంటుంది. అమెరికాలోనూ ఇతర దేశాల్లోనూ ఉన్న మనవాళ్ల ఇళ్లలో ఉయ్యాల స్థానంలో కారు సీటు, బౌన్సర్ అనే ఊగే వాలు కుర్చీ, స్వింగ్ ఉంటాయి. కారు దిగాక కూడా నిద్రపోతున్న బిడ్డను సీటుతో సహా లోపలికి తెచ్చి అలాగే వదిలేస్తుంటారు. దేనిలోనైనా సరే, కట్టిపెట్టి ఉంచే సమయం ఒకసారికి గంట దాటకూడదు.

బోర్లా పడటం సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులకు అరిసెలు పంచే మన వేడుకలన్నీ బిడ్డ తనంతట తాను చేసినవాటికే. సాయం చేయాలనుకుంటే చెయ్యి పట్టి లాగొద్దు. వెల్లకిలా ఉన్న బిడ్డ కుడి మోకాలు మడిచి ఎడమ వైపుకు తెచ్చి అక్కడే ఆపండి. తుంటి తిరుగుతుంది, నడుము తిరుగుతుంది, తర్వాత భుజం, తల వాటంతట అవే వస్తాయి. మూడు నాలుగు సెకన్లు ఓపిక పట్టడమే పెద్దవాళ్ల పని. రెండు వైపులా సమానంగా చేయించాలి. మంచం మీద వదిలి వెళ్లే అలవాటు ఈ దశకు ముందే బంద్ కావాలి.

కూర్చోవడం దగ్గర దిండ్ల పొరపాటు జరుగుతుంది. నాలుగో నెలలోనే చుట్టూ దిండ్లు పేర్చి కూర్చోబెడతారు. బిడ్డ తోక ఎముక మీద కూలబడి, వీపు గుండ్రంగా వంగిపోయి, గడ్డం ఛాతీకి ఆనుతుంది. అది కూర్చోవడం కాదు. నేల మీద మీ కాళ్ల మధ్య కూర్చోబెట్టుకుని తుంటి ఎముకల దగ్గర రెండు చేతులతో పట్టుకోండి. చంకల దగ్గర పట్టుకుంటే నడుముకు పని ఉండదు. బిడ్డ ముందుకు రెండు చేతులూ ఆనించి కూర్చోవడం ముందు వస్తుంది, చేతులు వదలడం తర్వాత. బొమ్మను మొదట ఎదురుగా, వారం పది రోజుల తర్వాత పక్కన, ఆ తర్వాత చెయ్యి చాచితే గానీ అందనంత దూరంలో పెడుతూ రండి. పక్కకు వంగి అందుకోబోయి మోకాళ్ల మీదికి వచ్చేస్తుంది. దోగాడటానికి దారి అదే. పడుకోబెట్టేటప్పుడూ లేపేటప్పుడూ వెల్లకిలా నుంచి నేరుగా లేపకుండా, పక్కకు తిప్పి, మోచేయి మీద బరువు వేయించి లేపితే లేచే పద్ధతి కూడా నేర్చుకుంటుంది.

దోగాడటానికి మన కొత్త ఇళ్ల నేలలే అడ్డం. టైల్స్, గ్రానైట్ మీద మేజోళ్లు, నిండు ప్యాంటు వేసిన బిడ్డ ముందుకు తోస్తే వెనక్కి జారుతుంది. నాలుగుసార్లు జారాక మానేస్తుంది. మోకాళ్లు, పాదాలు బోసిగా ఉంచి జంపఖానా మీద వదలండి. పొట్ట లేపలేకపోతే మీరు కాళ్లు చాపి కూర్చుని బిడ్డను ఒక తొడ మీద అడ్డంగా వేయండి. ఒక వైపు అరచేతులు, ఇంకో వైపు మోకాళ్లు నేలకు ఆనాలి. అలా ఉండగా ముందుకూ వెనక్కూ మెల్లగా ఊపితే భుజాలకు, తుంటికి బరువు తెలుస్తుంది. కొందరు పిల్లలు దోగాడకుండా కూర్చునే జరిగి, నేరుగా లేచి నడుస్తారు. మిగతావన్నీ బాగుంటే దిగులు పడక్కర్లేదు.

నిలబడటానికి బిడ్డ ఛాతీ ఎత్తున్న బల్ల గానీ దివాన్ గానీ చాలు, 35–40 సెంటీమీటర్లు ఉంటుంది. దాని మీద ఇష్టమైన గిన్నెలు, గరిటెలు పెట్టండి. ముందు మోకాళ్ల మీద లేస్తుంది, తర్వాత ఒక పాదం ముందుకు వేసి పైకి లేస్తుంది. లేచాక దిగడం తెలియక ఏడుస్తుంది. అప్పుడు ఎత్తుకోకుండా, తుంటి పట్టుకుని మోకాళ్లు వంగేట్టు మెల్లగా కిందికి దించండి. రోజుకు నాలుగైదు సార్లు చేస్తే త్వరలోనే పట్టు దొరుకుతుంది. నడిపించేటప్పుడు రెండు చేతులూ తల పైకి లాగి పట్టుకోవడం అందరూ చేసేదే, కానీ బరువు ముందుకు పడి బిడ్డ మునివేళ్ల మీద నడుస్తుంది. తుంటి దగ్గర పట్టుకోండి, లేదా చేతులు బిడ్డ భుజాల ఎత్తు దాటకుండా పట్టుకోండి. ఇంట్లో చెప్పులు, బూట్లు వద్దు. బండి కావాలనే అనుకుంటే పాతకాలపు మూడు చక్రాల చెక్క బండి నయం. దానిలో బిడ్డ కూర్చోదు, వెనక నిలబడి తోస్తుంది, బరువు తన కాళ్ల మీదే ఉంటుంది. అదీ తనంతట తాను పట్టుకుని లేచి నిలబడ్డాకే, పెద్దవాళ్లు పక్కన ఉండగా. తేలిగ్గా జారిపోతుంటే అడుగు పలక మీద రెండు కిలోల బియ్యం మూట కట్టండి.

పక్కింటి బిడ్డతో పోల్చి బెంగపడేవాళ్ల కోసం ఒక లెక్క. భారత్ సహా ఐదు దేశాల పిల్లల్ని పరిశీలించి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన కొలతల ప్రకారం ఆరోగ్యమైన పిల్లలు ఆసరా లేకుండా కూర్చునేది 3.8 నుంచి 9.2 నెలల మధ్య. దోగాడేది 5.2 నుంచి 13.5. పట్టుకోకుండా నిలబడేది 6.9 నుంచి 16.9. సొంతంగా నడిచేది 8.2 నుంచి 17.6. అంటే పదో నెలలో నడిచిన బిడ్డా, పదహారో నెలలో నడిచిన బిడ్డా ఇద్దరూ మామూలే. అదే అధ్యయనంలో 4.3 శాతం పిల్లలు అసలు దోగాడనే లేదు. నెలలు తక్కువగా పుట్టిన బిడ్డకు లెక్క వేరు. 40 వారాలకు ఎన్ని వారాలు తక్కువో అన్నీ వయసులోంచి తీసేయాలి. 32 వారాలకు పుట్టి ఇప్పుడు ఆరు నెలలున్న బిడ్డ కదలికల విషయంలో నాలుగు నెలల బిడ్డ కిందే లెక్క. రెండేళ్లు నిండే దాకా ఇలాగే చూడాలి.

కనిపిస్తే ఇక ఆగకుండా డాక్టరుకు చూపించాల్సిన గుర్తులూ ఉన్నాయి. నాలుగు నెలలు నిండినా మెడ నిలవకపోవడం, గుప్పిళ్లు ఎప్పుడూ బిగుసుకునే ఉండటం, గుడ్డ మార్చేటప్పుడు కాళ్లు విడదీయడం కష్టంగా ఉండటం, ఎత్తుకుంటే కాళ్లు కత్తెరలా ఒకదాని మీద ఒకటి పడటం. లేదా అందుకు భిన్నంగా, ఎత్తుకుంటే చేతుల్లోంచి జారిపోయేంత మెత్తగా ఉండటం. ఏడాదిలోపే ఒక చెయ్యి మాత్రమే వాడటం. దీన్ని 'ఎడమచేతి వాటం' అని మురిసిపోతుంటారు. అంత ముందుగా చేతివాటం రాదు, రెండో చెయ్యి పనిచేయడం లేదేమో చూడాలి. తొమ్మిది నెలలు దాటినా కూర్చోకపోవడం, 18 నెలలకు నడవకపోవడం. ఏ వయసులోనైనా సరే, వచ్చిన పని పోవడం అన్నిటికంటే పెద్ద గుర్తు. ఆ వారంలోనే డాక్టరుకు చూపించండి. తల్లికి బి12 లోపం ఉండి, తల్లిపాలే తాగే బిడ్డ మందకొడిగా మారి నేర్చినవి మరిచిపోవడం మన దేశంలో ఉంది. రక్త పరీక్షతో తెలుస్తుంది, ముందుగా మందు పడితే కోలుకుంటుంది. విటమిన్ డి చుక్కలు రోజుకు 400 యూనిట్లు ఏడాది పాటు మానకూడదు.

వీటికి ఖర్చు లేని దారి ఉంది. చాలామందికి తెలియదు. ఆశా కార్యకర్త 3, 6, 9, 12, 15 నెలలకు ఇంటికి వచ్చి ఎదుగుదల చూడాలి. మాతా శిశు సంరక్షణ కార్డులో ఏ నెలకు ఏం రావాలో బొమ్మలతో ఉంటుంది. టీకాల పేజీ తప్ప మిగతాది చాలా ఇళ్లలో తెరవరు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బృందాలు అంగన్‌వాడీలకు వస్తాయి. అనుమానం ఉన్న పిల్లలను జిల్లాలోని డీఈఐసీకి, అంటే పిల్లల లోపాలను ముందుగా గుర్తించి చికిత్స చేసే కేంద్రానికి పంపుతాయి. అక్కడ పిల్లల వైద్యం, ఫిజియోథెరపీ ఉచితం.

రెండు రాష్ట్రాల ప్రభుత్వాలకూ మా విన్నపాలు మూడు. చక్రాల వాకర్ల అమ్మకాన్ని నిషేధించమని కేంద్రాన్ని కోరాలి. అప్పటిదాకా దుకాణాల్లో వాటి మీద తెలుగులో పెద్ద అక్షరాలతో హెచ్చరిక ఉండేట్టు చూడాలి. ప్రతి అంగన్‌వాడీలో ఏడాదిలోపు పిల్లలకు విడిగా ఒక చాప, జంపఖానా, తువ్వాలు చుట్ట ఇచ్చి, టీకాల రోజున వచ్చిన తల్లులకు పది నిమిషాలు చేసి చూపించే ఏర్పాటు చేయాలి. మీ పత్రికకు కూడా ఒక విన్నపం. పిల్లల పేజీలో, కానుకల ప్రత్యేక పేజీల్లో వాకర్ ఫోటోలు వేయకండి. వాటి స్థానంలో పైన రాసిన నెలల లెక్కను ఒక పట్టికగా వేస్తే, చాలా ఇళ్లలో అది గోడకు అతికించుకుంటారు.

ఇట్లు,
చిన్నపిల్లల ఫిజియోథెరపిస్టులు కొందరు,
గుంటూరు